వేలితొడుగు ముద్ర

టార్‌బెల్ ఊరు, కెనబెక్ నది ఎగువన
ఏప్రిల్ 2

కెజీ తల్లికి నానమ్మ ఆశీస్సులు.

నిన్న మన ఊరి మగవాళ్ళు గవర్నరును ఎన్నుకున్నారు. ఎన్నుకోవడానికి అరవై మూడు మంది సరిపోయారు గానీ, ఆ ఎన్నికకు లక్కముద్ర వేయడానికి మాత్రం ఒక ముసలిదాని వంటిల్లు కావలసి వచ్చింది. వరసగా చెబుతాను, తొందరపడకు.

మోకాలి లోతు మంచు. అయినా ఓటున్న మగవాడు ఒక్కడు ఇంట్లో మిగల్లేదు. నడవలేని నేథన్ ముసలాయనను ఎడ్లు లాగే మంచుబండి మీద దుంగలా పడుకోబెట్టి తెచ్చారు. చీటీలు వేయడానికి పెట్టె లేదు కనక చర్చి పెద్ద డీకన్ ఒబడయా తన టోపీ తీసి పెట్టాడు. టోపీ ఆయనది కాబట్టి చలి కూడా ఆయన బట్టతలకే. తుమ్ముకో పది ఓట్లు లెక్కపెట్టాడట. కర్నల్ బార్‌స్టోకు అరవై ఒకటి. ఇప్పుడున్న గవర్నరు విన్‌స్లేడ్‌కు రెండు. ఆ రెండూ ఎవరివో నీకు చెప్పనక్కర్లేదు. ఒకడు బోస్టన్ భూస్వాముల ఏజెంటు, ఇంకొకడు ఆ ఏజెంటుకు పిల్లనిచ్చిన మామ.

ఇక లెక్క రాసిన కాగితం మడిచి లక్కతో ముద్ర వేయాలి. ఓట్లు వేసిన చర్చిలో నిప్పు ఏదీ? ఇనప పొయ్యి కొందామని నాలుగేళ్ళుగా ఊరు రెండుగా చీలి కొట్టుకుంటోంది కదా. వద్దన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఓటు లేకపోయినా నోరుంది. వెచ్చగా ఉంటే ప్రసంగం మధ్యలో గురకలు మొదలవుతాయని డీకన్‌కు నూరిపోసింది నేనే. నిన్న ఆ పుణ్యం ఫలించింది. గుమాస్తా సైలస్ సిరా గడ్డకట్టింది. పగిలిన కిటికీలోంచి గాలి కొట్టి కొవ్వొత్తి మూడుసార్లు ఆరిపోయింది. లక్క రాయిలా కూర్చుంది. జనం కాళ్ళు కొంకర్లు పోయి ఇళ్ళకు మళ్ళారు. అప్పుడు నలుగురు పెద్దమనుషులు, చేతిలో రాష్ట్రం భవిష్యత్తు పట్టుకుని, రోడ్డు దాటి నా వంటింటి తలుపు కొట్టారు.

“వదినా, కాస్త నిప్పు” అన్నాడు డీకన్.

నిప్పుతోపాటు నా ఆపిల్ పై రొట్టె కూడా అయిపోయిందనుకో. లక్క కరిగింది. తీరా చూస్తే ముద్ర వేయడానికి ఊరికి ముద్ర లేదు. “ఏదైనా గుండ్రటిది ఇవ్వు వదినా” అన్నాడు. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే నా వెండి తొడుగు తీసి ఇచ్చాను. చుక్కచుక్కలుగా చక్కగా పడింది ముద్ర. ఈ రాష్ట్రంలో ఆడదాని వేలు ఎన్నికలో పడడం ఇదే మొదలనుకుంటాను.

సరే, నవ్వింది చాలు. కర్నల్ బార్‌స్టో డీకన్‌తో అన్న మాట నీకు తెలుసు. తాను గెలిస్తే ఆ నలుగురు కుర్రాళ్ళనూ ఆకులు రాలేలోపు ఇంటికి పంపిస్తానన్నాడు. మన పొలాలు కొలవడానికి భూస్వాముల తరఫున వచ్చిన సర్వేయరు దిక్సూచి పగలగొట్టినందుకు, ఆ తోపులాటలో అతని చెయ్యి విరిగినందుకు, ఏడేళ్ళు జైలు. ముఖానికి మసి పూసుకుని కంబళ్ళు కప్పుకుని వెళ్ళారు వెర్రి వెధవలు. మీ అన్న ఎబెన్ ఎత్తు చూస్తే మసి కింద ఎవరున్నారో గుడ్డివాడికైనా తెలుస్తుంది. విన్‌స్లేడ్ మన అర్జీని తెరిచి కూడా చూడలేదు. అందుకే నిన్న అరవై ఒక్కమంది మంచులో నడిచారు. వాళ్ళు ఓటు వేసింది కర్నల్‌కు కాదు, మన ఎబెన్‌కు.

వాడి దగ్గు ఎలా ఉందో రాయి. దాచకుండా రాయి.

నానమ్మ
మెహిటబెల్ డ్రూ


బోస్టన్
ఏప్రిల్ 15

నానమ్మకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. డీకన్ తాతయ్య తుమ్ముల దగ్గర అందరం పొట్ట పట్టుకున్నాం. వేలితొడుగు దగ్గరికొచ్చేసరికి నేను పనిచేసే ఇంటి యజమానురాలు పెనిమన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. “మీ నానమ్మను గవర్నరును చేస్తే పోయేది” అన్నారు. ఇన్నాళ్ళకు ఈ ఇంట్లో నన్ను పళ్ళేలు కడిగే పిల్లలా కాకుండా మనిషిలా చూశారు.

ఆదివారం ఎబెన్‌ను చూడనిచ్చారు. పావుగంట, మధ్యలో కటకటాలు, పక్కన కాపలావాడు. మొదటి మాటే, “నానమ్మ తిడుతోందా?” అన్నాడు.

“తిడుతోంది.”

“అయితే ఒంట్లో బాగానే ఉందన్నమాట” అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. పావుగంటలో సగం అందులోనే పోయింది.

దాచకుండా రాయమన్నావు. వాళ్ళు పొద్దస్తమానం రాళ్ళు చెక్కుతారు. ఆ పొడి వాడి కనుబొమ్మల మీద, వెంట్రుకల మీద తెల్లగా పేరుకుని ఉంది. ఇరవై రెండేళ్ళవాడు తాతలా కనిపించాడు. అక్కడి వైద్యుడు మంచివాడు. బయట నన్ను ఆపి, “అమ్మాయీ, ఈ పొడిలోంచి బయటపడితే బతుకుతాడు. ఇంకో చలికాలం ఇక్కడే అంటే నేను మాటివ్వలేను” అన్నాడు.

కర్నల్ బార్‌స్టో కొంచెం ముందున్నాడని పత్రికలు అంటున్నాయి. ఎబెన్‌కు చెప్పాను. చేతివేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు.

నీ
కెజయా


టార్‌బెల్
ఏప్రిల్ 27

కెజీకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు డీకన్ వచ్చి, ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాడు. మాట్లాడాను, కుదుటపడ్డాడు.

ఆకులు రాలేలోపు అన్నాడు కర్నల్. చలికాలం దాని తర్వాతే కదా. ఆ లెక్క పట్టుకుని బతుకుతున్నాను. ఎబెన్ పొలం బీడు పెట్టకూడదని ఊరంతా తలో చెయ్యీ వేసి రాళ్ళు ఏరారు. మొక్కజొన్న వేస్తారు. వాడు వచ్చి కోసుకుంటాడని.

నీ ఉత్తరంలో “అందరం” అన్నావు. అందరూ అంటే ఎవరెవరు? డెబ్బై ఒక్క ఏళ్ళు వచ్చాక బోస్టన్‌లో నా మాటకు నవ్వేవాళ్ళు దొరికారంటే, వాళ్ళ పేర్లయినా తెలియాలి కదా. నిజం చెబితే తప్పేముంది, సంతోషించాను. మా నాన్న పాదిరీ అయి కూడా నాకు లాటిన్ నేర్పితే, ఆడపిల్లకు ఎందుకని ఊరంతా నవ్వింది. ఆ లాటిన్ ఇప్పుడు డీకన్ తుమ్ములు వర్ణించడానికి పనికొచ్చింది. వాళ్ళకు టోపీ దగ్గర ఎక్కువ నవ్వొచ్చిందా, నా పొయ్యి దగ్గరా?

ఒక సంగతి మరిచిపోయాను. ఆరోజు ముద్ర వేశాక డీకన్ ఆ కాగితాన్ని నా పై రొట్టె పళ్ళెం మీద పెట్టి మరిచిపోయి గుమ్మం దాకా వెళ్ళాడు. వెన్న మరక ఇంకా దాని మీద ఉండే ఉంటుంది. కావాలంటే ఇదీ చదివి వినిపించు.

నానమ్మ


బోస్టన్
మే 12

నానమ్మకు,

ఊళ్ళవారీ లెక్కలన్నీ పత్రికల్లో వచ్చేశాయి. కర్నల్ బార్‌స్టో ఇరవై తొమ్మిది ఓట్లు ముందున్నాడు. రాష్ట్రం మొత్తం మీద ఇరవై తొమ్మిది! నెలాఖరు బుధవారం శాసనసభ కూర్చుని లక్కముద్రలు విప్పి, లెక్క సరిచూసి ప్రకటిస్తుంది. అంటే మన ఊరి అరవై ఒకటీ లేకపోతే ఆయన లేడు. ఎబెన్‌కు చెబితే, “నేథన్ తాతను మోసుకొచ్చిన ఎడ్లకు నా తరఫున ముద్దు పెట్టమను” అన్నాడు.

వాణ్ణి నాలుగు రోజులు జబ్బు గదిలో ఉంచి మళ్ళీ రాళ్ళ దగ్గరకు పంపారు.

నీ వెన్న మరక సంగతి ఎవరికీ వినిపించలేదు. ఇకమీదట ఎన్నిక రోజు గురించి ఏమీ రాయకు నానమ్మా. ఎందుకని అడగకు. మా ఇంట్లో గిడ్డింగ్స్ అని ఒక లాయరు అద్దెకుంటాడు. ఎప్పుడూ నా వంక చూడనివాడు నిన్న సూపు గిన్నె అందుకుంటూ, “మీ నానమ్మ ఇల్లు చర్చికి ఎంత దూరమమ్మా?” అన్నాడు. రోడ్డు దాటితే అంతే అన్నాను. “అంటే చర్చి లోపల కాదన్నమాట” అన్నాడు, చాలా మర్యాదగా.

ఎందుకలా అడిగాడంటావు?

కెజయా


టార్‌బెల్
మే 20

కెజయాకు,

ఎందుకడిగాడో తెలుసుకున్నాను. సైలస్ దగ్గర చట్టం పుస్తకం ఉంది. ఊరి గుమాస్తా అయి ఆరేళ్ళయినా దాన్ని పువ్వులు నొక్కిపెట్టడానికే వాడుతున్నాడు. పువ్వులు దులిపి చదివాను. ఓట్లను బహిరంగసభలో, ఓటర్ల ఎదుట లెక్కించి, అక్కడే, వాళ్ళు చూస్తుండగానే ముద్ర వేయాలి. లేకపోతే ఆ ఊరి లెక్క చెల్లదు.

డీకన్‌ను పిలిపించాను. పుస్తకం ఆయన ముందు పెట్టాను. వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

“రోడ్డు దాటాం, అంతేగా వదినా. దేవుడు చూస్తూనే ఉన్నాడు కదా.”

“దేవుడికి మన ఊళ్ళో ఓటు లేదు ఒబడయా. ఓటున్నవాళ్ళు చూడాలట.”

“నీ వంటింట్లో ఏం జరిగిందో నలుగురికే తెలుసు. నలుగురం నోరు మూసుకుంటే సరి.”

“ఐదుగురికి. నన్ను లెక్కలో వేయడం మీకెప్పుడూ అలవాటు లేదు.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నువ్వెవరితోనూ అనలేదు కదా వదినా?” అని అడిగాడు.

ఏం చెప్పమంటావు? కెజీ, మొదటి ఉత్తరం ఎవరెవరి ముందు చదివావు? ఇది రెండోసారి అడగడం. మొదటిసారి సరదాకి అడిగాను.

నానమ్మ


బోస్టన్
మే 31

నానమ్మా,

అందరి ముందూ చదివాను. భోజనాల బల్ల దగ్గర, పద్నాలుగు మంది ముందు. పెనిమన్ గారు చదవమన్నారు. వాళ్ళు నవ్వుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. నీ గొంతు పెట్టి, నువ్వు కనుబొమ్మ ఎగరేసినట్టే ఎగరేసి చదివాను. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివాను. గిడ్డింగ్స్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. వాళ్ళావిడకు చూపిస్తానంటే ఉత్తరం చేతికిచ్చాను. మర్నాడు తిరిగి ఇచ్చాడు. వాడు విన్‌స్లేడ్ మనిషని తెలియదు నానమ్మా. ఒట్టు, తెలియదు.

మొన్న బుధవారం సభ తెరిచారు. ఫిరంగులు పేల్చారు, బ్యాండు మోగింది, ఊరంతా ఎన్నిక కేకు వాసన. పెనిమన్ గారి వంటింట్లో పన్నెండు కేకులు చేశాం. ఎండుద్రాక్ష ఏరుతూ నేను ఎబెన్ గురించే అనుకుంటున్నాను. సాయంత్రానికి తెలిసింది, టార్‌బెల్ లెక్క కొట్టేయాలని గిడ్డింగ్స్ అర్జీ పెట్టాడు. కాగితం తీసి చూశారట. లక్క మీద చుక్కచుక్కల ముద్ర, పక్కన వెన్న మరక. సభలో నవ్వారట.

కానీ అర్జీ ఒక్కటీ చాలదు. ఒక పనమ్మాయి చదివితే విన్నామనడం సాక్ష్యం కాదంటున్నారు. వేలితొడుగును చర్చికి తెప్పించుకోలేదా, కాగితం తర్వాత ఎక్కడో మరక పట్టలేదా అని మనవాళ్ళు వాదిస్తున్నారు. అందుకని మీ జిల్లా మేజిస్ట్రేటును పంపి ప్రమాణం మీద వాంగ్మూలాలు తీసుకుంటారట. నిన్నూ అడుగుతారని ఇక్కడ అంటున్నారు.

నీ మొదటి ఉత్తరం పొయ్యిలో పడేశాను. ఇప్పుడు ప్రపంచంలో అది ఎక్కడా లేదు.

నానమ్మా, ఒక్క మాట. చర్చిలోనే వేశారను. నీకు అబద్ధం చేతకాదని తెలుసు. నాకు ఆరేళ్ళప్పుడు పంచదార దొంగిలించి కాదన్నందుకు సబ్బుతో నా నోరు కడిగావు. ఆ చేత్తోనే బైబిలు మీద చెయ్యిపెట్టి అబద్ధం చెప్పమని అడుగుతున్నాను. పాపం నాకు రాసుకోమని దేవుణ్ణి అడుగుతాను.

ఎబెన్‌కు ఏమీ చెప్పలేదు.

కెజయా


టార్‌బెల్
జూన్ 7

కెజీ తల్లీ,

ముందు నీ సంగతి. చదివింది నువ్వు. రాసింది నేను. పెదవి దాటితే పృథివి దాటుతుందని పిల్లలకు పలక మీద రాయించి దిద్దబెట్టిన పంతులమ్మను నేను. వెన్న మరకా రాసింది నేనే, ఎక్కువ నవ్వు ఎక్కడొచ్చిందని అడిగిందీ నేనే. కాబట్టి ఏడవడం ఆపు. ఏడ్చేవాళ్ళ వంట ఉప్పగా ఉంటుంది, పనిలోంచి తీసేస్తారు.

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. మేజిస్ట్రేటు గురువారం వస్తాడని కబురు. ఆ రెండు రోజులూ నేను అబద్ధం సాధన చేశాను. పశువుల కొట్టంలో ఆవు ముందు నిలబడి, చెయ్యెత్తి, “చర్చిలోనే, అందరి ముందూ” అని. మొదట గొంతు వణికింది. పదోసారికి ఆవు నమ్మింది. సబ్బు సంగతి గుర్తొచ్చింది. రానీ అనుకున్నాను. డెబ్బై ఒక్క ఏళ్ళుగా దాచిన నిజాయితీ, మనవడికి పనికిరాకపోతే ఇంకెందుకు?

గురువారం వానలో వచ్చాడు. పార్లిన్ అని చిన్నవాడు, మర్యాదస్థుడు. నేను నల్లగౌను వేసుకుని, బైబిలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. టోపీ నీళ్ళు దులుపుకుని, “మీరు శ్రమపడకండి అమ్మగారూ. డీకన్ గారు అంతా చెప్పారు” అన్నాడు.

“ఏమని?”

“రోడ్డు దాటి ఇక్కడికొచ్చి ముద్ర వేశామని. మిగతా ముగ్గురూ అదే చెప్పి సంతకం చేశారు.”

“నన్ను ప్రమాణం చేయించరా?”

“అవసరం లేదమ్మా. ఓటర్ల మాట దొరికింది కదా.”

“నా మాట వేరుగా ఉంటే?”

అతను కూర్చోలేదు కూడా. నేను బైబిలు మీద చెయ్యి పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు, నేనే పెట్టాను. “చర్చిలోనే వేశారు. అందరి ముందూ” అన్నాను. గొంతు వణకలేదు కెజీ. నా జన్మలో అంత చక్కగా ఏ మాటా పలకలేదు.

అతను కోప్పడితే బాగుండేది. “మనవడు లోపలున్నాడని విన్నానమ్మా. నేనేమీ విననట్టే ఉంటాను” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా మాట రాసుకోలేదు. వంటింట్లో కూర్చుని రాసిన వేళాకోళం శాసనసభ దాకా వెళ్ళింది. బైబిలు మీద చెయ్యిపెట్టి చెప్పినది ఈ బల్ల కూడా దాటలేదు.

పోతూ పోతూ వేలితొడుగు అడిగాడు. లక్క మీది చుక్కలతో సరిపోల్చాలట. పొట్లం కట్టి, నా చేతే పొట్లం మీద నా పేరు రాయించి తీసుకెళ్ళాడు.

సాయంత్రం డీకన్ వచ్చాడు. లోపలికి రాలేదు, వానలో గుమ్మం బయట నిలబడ్డాడు.

“చెయ్యి బైబిలు మీద పెట్టాక నాలుక తిరగలేదు వదినా. తిప్పుదామనే వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు.”

“ఎన్నో ఒట్టు ఇది, ఇవాళ్టికి?”

“తిట్టు. ఇంకా తిట్టు.”

తిడదామనే నోరు తెరిచాను. ఏమని తిట్టను? అబద్ధం చెప్పినవాణ్ణయితే జీవితమంతా తిట్టేదాన్ని. నిజం చెప్పినవాణ్ణి తిట్టడానికి నా దగ్గర మాటలు లేవు, లాటిన్‌లో కూడా. “లోపలికి రా ఒబడయా, జలుబు చేస్తుంది” అన్నాను. రాలేదు. తుమ్ముకుంటూ వెళ్ళాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

నానమ్మ


బోస్టన్
జూన్ 17

నానమ్మా,

అయిపోయింది. శనివారం టార్‌బెల్ లెక్క కొట్టేశారు. అరవై ఒకటీ పోయింది, వాళ్ళ రెండూ పోయాయి. ముప్పై ఓట్లతో విన్‌స్లేడే మళ్ళీ గవర్నరు. నీ వేలితొడుగును ఒక పళ్ళెంలో పెట్టి సభ్యుల మధ్య తిప్పారట. ఒకాయన తన వేలికి పెట్టుకుంటే పట్టలేదట. తిరిగి ఇస్తారా అని అడగడానికి వెళ్ళాను. రికార్డులో భాగమైంది, ఇవ్వడం కుదరదన్నారు.

కర్నల్ బార్‌స్టో ఇంటికి కూడా వెళ్ళాను. పనిమనుషుల తలుపు దగ్గర నిలబెట్టి, ఆయనే స్వయంగా వచ్చి మాట్లాడాడు. చాలా విచారించాడు. “వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ ఎన్నిక ఉంది కదమ్మా. అప్పుడు తప్పకుండా” అన్నాడు. వచ్చే ఏప్రిల్‌కు ముందు చలికాలం ఒకటి ఉందని ఆయనకు గుర్తులేదు. ఉన్నా ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కొత్త అర్జీ రాయించి గవర్నరు కచేరీలో ఇచ్చాను. తీసుకున్నారు. పెద్ద దొంతర మీద పెట్టారు. నేను తలుపు దాటేలోపే దాని మీద ఇంకొకటి పడింది.

నిన్న ఎబెన్‌కు మొత్తం చెప్పాను. నేను చదివిన సంగతీ, గిడ్డింగ్స్ సంగతీ, అన్నీ. తిడతాడనుకున్నాను. కటకటాల మీద తల ఆనించాడు.

“వేలితొడుగా?” అన్నాడు చివరికి.

“వేలితొడుగే.”

“డీకన్ అడిగాడా? ఏదైనా గుండ్రటిది ఇవ్వమని?”

భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. తర్వాత దగ్గొచ్చింది. రుమాలు తీసి నాకు కనపడకుండా మడుచుకున్నాడు గానీ కనపడింది.

“ఆ ఉత్తరం తీసుకురా కెజీ. వచ్చే ఆదివారం చదువు. ఊరంతా విన్నది, చట్టాలు చదివిన లాయర్లు విన్నారు, ఎవరికోసం జరిగిందో వాడొక్కడూ వినలేదు” అన్నాడు.

కాల్చేశానని చెప్పడానికి నోరు రాలేదు. తెస్తానన్నాను.

ఏం చేయను నానమ్మా?

కెజయా


టార్‌బెల్
జూన్ 25

కెజీకి,

ఏం చేయమంటావని అడిగావు. చేయగలిగిన పనులన్నీ చేసిచూశాం. అర్జీ పెట్టాం, ఓట్లు వేయించాం, అబద్ధం చెప్పాం, నిజమూ చెప్పాం. నాలుగూ ఒకే గుమ్మం దగ్గరికి తెచ్చి వదిలాయి.

నిన్న ఊరి సభ జరిగింది. చర్చికి ఇనప పొయ్యి కొనాలని తీర్మానించారు. ఏకగ్రీవంగా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మన ఊరిని మించింది లేదు. ఆ తీర్మానం కాగితానికి చర్చిలోనే, అందరి ముందూ, ఒక్కరిని కూడా ఇంటికి పోనివ్వకుండా ముద్ర వేశారట. దానికి ముద్ర అక్కర్లేదని సైలస్ మొత్తుకున్నా డీకన్ వినలేదు. ఆయన టోపీ మానేశాడు. ఎండలో కూడా బోడితలతో తిరుగుతున్నాడు, ఎందుకో ఎవరూ అడగరు. ఎబెన్ పొలంలో మొక్కజొన్న మోకాలు దాటింది. కలుపు ఆయనే తీస్తున్నాడు.

వాడికి రెండు చొక్కాలు పంపుతున్నాను, దళసరి ఉన్నివి, చలికాలానికి. తొడుగు లేక వేలు నాలుగైదుసార్లు గుచ్చుకుంది. మెడపట్టీ లోపల చిన్న మరక కనిపిస్తే అదే. తుప్పని చెప్పు.

ఉత్తరం మళ్ళీ రాశాను. మొత్తం. మొదటిదానిలో ఏం రాశానో మాటమాటా గుర్తుంది, మరిచిపోదామంటే కదా కష్టం. ఇంకో కాగితం మీద ఉంది, దీన్నీ దాన్నీ కలపకు. ఒక్కో చమత్కారం దగ్గరా ఆగి, ఇది ఎంతకు పోయిందో తెలిసి కూడా, అంతే నవ్వొచ్చేలా రాశాను. నవ్వు తగ్గితే వాడు పట్టేస్తాడు, నేను జబ్బుపడ్డాననుకుంటాడు. వెన్న మరక కూడా చేర్చాను.

చదివేటప్పుడు నా గొంతు పెట్టు, కనుబొమ్మ కూడా ఎగరెయ్యి. కానీ ఒకేసారి చదవకు. టోపీ దగ్గర ఒకసారి ఆగు. దగ్గు తగ్గనివ్వు. పొయ్యి దగ్గర మళ్ళీ ఆగు. పావుగంటలో అవకపోతే మిగతాది పై ఆదివారానికి దాచు. వేలితొడుగు ముక్క అన్నిటికన్నా చివర చదువు, ఎన్ని ఆదివారాలు పట్టినా సరే. అదింకా మిగిలుందంటే వాడు ఎదురుచూస్తాడు.

ఆ ఉత్తరం ఇలా మొదలవుతుంది, ముద్ర మాట మొదట్లోంచి తీసి చివరికి జరిపాను, సరిచూసుకో: “నిన్న మన ఊరి మగవాళ్ళు గవర్నరును ఎన్నుకున్నారు. వరసగా చెబుతాను, తొందరపడకు.”

నానమ్మ